నాలుగు వందల పదిహేను

మస్కట్ హాల్లో నా పని తేమను కాయడం.
గోడ మీది ముల్లు నలభై ఎనిమిది దాటితే
నాకు ఫోనొస్తది.
బయట సముద్రం తొంభై మీదుంటది.
లోపల ఒక చెక్కపెట్టె కోసం
పన్నెండు గంటల డ్యూటీ.

హార్ప్సికార్డ్ దాని పేరు.
పియానో అన్న మొదటి రోజు
అలైదా మేడం కోపం చెయ్యలే,
మూతెత్తి చూపించింది.
వరసగా సన్నని పుల్లలు,
పుల్లపుల్లకూ చిన్న ఈక ముల్లు.
మెట్టు నొక్కితే పుల్ల లేస్తది,
ఈక తీగను మీటి కిందికి పడ్తది.
మా నాయిన మగ్గంల పన్నెలు లేచినట్టే.
"సిరిసిల్లల ఇట్లాంటిదాని మీద గుడ్డ నేస్తం" అన్న
నా వచ్చీరాని ఇంగ్లీషుల.
"రోజుకు ఎన్ని గజాలు?" అని అడిగింది,
నిజంగనే తెలుసుకోవాలని.

కండక్టరంటే నాకు బస్సు కండక్టరే.
ఈమె చేతిల టికెట్లు లేవు, కట్టె కూడ లేదు.
కూసొని వాయించుకుంటనే
తల ఒక్కసారి వంచేది,
ముప్పై మంది ఒక్కసారే ఊపిరి తీసేటోళ్లు.

ఇప్పటి లోకం నాలుగు వందల నలభైకి శ్రుతి కడ్తదట.
ఈమె నాలుగు వందల పదిహేనుకు దించేది.
"మూడు వందల ఏండ్ల సంది
మనుషులు గొంతు పెంచుకుంటనే పోయిండ్రు, పర్షూ.
దించడం నా ఉద్యోగం."
మా సూపర్‌వైజర్‌కు ఈ ముచ్చట చెప్పాలనుకున్న,
చెప్పలే.

ఇరవై రెండేండ్లప్పుడు
పెట్టెను పాత వ్యాన్ల ఏసుకొని
తనే నడుపుకుంట ఊరూరు తిరిగిందట.
లైబ్రరీ దుమ్ములకెళ్ళి
ఎవరూ అడగని పాటలు చేత్తో ఎత్తిరాసుకునేదట.
"రేకుల కోళ్ళగూటి మీద వాన పడ్డట్టుంది"
అన్నడట వాళ్ళ గురువే.
అది చెప్పి
ఇప్పటికీ ఎర్రబడేది.

గట్టిగ కొట్టినా మెల్లగ తాకినా
ఈ పెట్టె సప్పుడు ఒక్కటే.
మా క్యాంపుల బతుకు లెక్కనే ఉన్నదన్న.
నవ్వలే ఆమె.
"సప్పుడు పెరగదు. కానీ
వేలు ఎప్పుడు ఎత్తాలో నా ఇష్టం.
నలభై ఏండ్లు అదొక్కటే నేర్చుకున్న."

మొదటి చలికాలం ముప్పై మంది.
అయిదో ఏడు మెట్ల మీద కూడ కూసున్నరు,
పూలగుత్తులు గ్రీన్ రూంల పట్టలే.
తర్వాత బ్యానర్ మీద ఆయిల్ కంపెనీ పేరు
చిన్నగైంది, ఆ మరుసటేడు లేదు.
పన్నెండు మంది. ఏడుగురు.
పదకొండో చలికాలం
నలుగురితోని దిగింది.
వేళ్ళు అల్లం కొమ్ములైనయ్.

ఆ సాయంత్రమే నడిమి ఈక ఇరిగింది.
కాకి ఈకల డబ్బా ఎయిర్‌పోర్టుల ఆపేసిండ్రు.
నేను మత్రహ్ ఉరికిన.
చేపల మార్కెట్ ఎనక, పడవల నీడల
ఉప్పుబట్టిన గువ్వ ఈకలు నాలుగు
అంగీ జేబుల ఏసుకొచ్చిన.
ఆమె బ్లేడు పట్టింది. చెయ్యి వణికింది.
మాట్లాడకుంట నాకిచ్చింది.
చెక్కిన. ఎక్కువైంది. ఇంకోటి చెక్కిన.
మూడోది కూసుంది.

ఆ రాత్రి కుడిచేతి పాటంతా
పేజీలు తిప్పే పిల్ల రయ్యా వాయించింది.
ఆమె ఎడమచేయి ఒక్కటే పెట్టింది,
అడుగునుండే స్వరాలు,
పడుగు లాంటివి.
నడుమ నడుమ ఒక స్వరం
కొంచెం బొంగురుగ పలికింది.
అది చేపల మార్కెట్‌దని
హాల్ మొత్తంల నాకే తెలుసు.

తర్వాతి చలికాలం ఈ-మెయిల్ వచ్చింది, ఆమె రాలే.
పెట్టెను ఇక్కడనే ఉంచుకొమ్మన్నదట.
రయ్యా మంగళవారాలు వస్తది,
తప్పు వాయించి అరబ్బీల తిట్టుకుంటది,
నేను తీగలు దించి ఇస్త.
ఖాళీ హాలుకు ఏసీ ఎందుకని
కొత్త మేనేజర్ రెండుసార్లు అడిగిండు.
కాయితం మీద రాసియ్యమన్న.
ఇంకా రాయలే.

ముల్లు నలభై తొమ్మిది.
పోయొస్త.